ఇటాలియన్ ఆడపిల్లల పేర్లు, 4వ పాఠం: ల ఒత్తు ఎక్కడ పెట్టాలి?

పోయిన పాఠంలో క్యారా అనే పేరు విప్పాం. లాటిన్ 'క్లారా' దాని మూలం: వెలుగున్నది, పేరుపొందినది అని అర్థం. మన కతోలికులు పునీత క్లారమ్మ అనే అసీసీ సన్యాసిని (1194–1253) అసలు పేరు ఇటలీలో ఇదే. లాటిన్ ల ఇటాలియన్‌లో య అయిందని, ల వెనక్కి పెట్టి చూడమని అన్నాను. అంతే, కనబడ్డ పేరుకల్లా ల తగిలించేశారు! పీయా కాస్తా 'ప్లా' అయింది, జాన్నా 'గ్లాన్నా' అయింది. అందుకే ఇవాళ్టి 'ఎల్లా', 'ఎత్తా' ప్రత్యయాలు వచ్చేసారికి వాయిదా.

పేరును పలికినట్టే తెలుగులో రాయండి. క, ప, బ, ఫ కింద య ఒత్తు పడితేనే దాని చోట ల ఒత్తు పెట్టాలి. క్యారాకి క్లారా, ఫ్యామ్మాకి ఫ్లమ్మా (మంట). బ్యాంకా లాటిన్ సొంత సొత్తు కాదు. జర్మానిక్ 'బ్లాంక్' (తెల్లని) లాటిన్‌లో చేరి, అక్కడివాటితో పాటే ల పోగొట్టుకుంది. ఈ 'బ్యా' మన బ్యాంకులోది కాదు, నోరు బాగా తెరిచి 'యా' అనాలి.

పీయాలో పీ దీర్ఘం, యా వేరే అక్షరం. ఒత్తే లేదు, ఇక ల ఎక్కడిది? భక్తి గలది అని అర్థం.

జాన్నా దగ్గరే నాకు ఒళ్లు మండేది. స్పెల్లింగ్‌లో జీ, ఐ, ఏ ఉంటాయి. ఆ ఐ పలకదు. జీని 'గ' అనకుండా 'జ' అనమని చెప్పడానికే అది అక్కడుంది. జూలియా, జాదా కూడా అంతే. పలకని ఐ వెనక ల వెతకడం దండగ. జాన్నా అంటే జొవాన్నాకి పొట్టి పేరు, హీబ్రూ 'యోహానాన్' నుంచి వచ్చింది: దేవుడు కరుణించాడు. క్యారా స్పెల్లింగ్‌లో హెచ్‌ది సరిగ్గా తిరగబడ్డ పని: సీని 'చ' అనకుండా 'క' అనిపిస్తుంది. ఇంగ్లిష్ అలవాటుతో 'చియారా' అని చదివితే మూలం ఈ జన్మకి దొరకదు.

ఇటలీలో క్లారాలు కూడా ఉన్నారు కదా అంటారా? ఉన్నారు. క్లారా తత్సమం, క్యారా తద్భవం. ఒకటి లాటిన్ నుంచి యథాతథంగా తెచ్చుకున్నది, ఇంకోటి జనం నోట నలిగింది. నా ఓటు రెండోదానికే.

అభ్యాసం: ఫ్యోరెల్లా, లుచీయా, వ్యోలా, ప్యేరా. మొదటి మూడూ పై సూత్రంతో తేలిపోతాయి. ప్యేరా ఒత్తు పరీక్ష పాసవుతుంది గానీ అక్కడ ల పెడితే తప్పు. కారణం మీరే పట్టండి. దానికి మగ రూపం ప్యేరో, ప్యేరోకి నిండు రూపం ప్యేత్రో. ఇంతకంటే క్లూ ఇవ్వను.