అప్రైజల్ ఫారం వర్డ్‌లో చేస్తున్నారా? తాళం వేయడం మరిచిపోకండి

ఉద్యోగి పనితీరుని అంచనా వేసే అప్రైజల్ ఫారాల్లో జవాబు చోట చుక్కలు పెట్టి వదిలేయడం చూసి చూసి విసుగొచ్చింది. పేరు టైప్ చేయగానే చుక్కలు కింది లైన్లోకి జారతాయి, వాటితోపాటు పేజీ మొత్తం. చుక్కల ఫారం ప్రింట్ తీసి పెన్నుతో నింపడానికి, టైప్ చేయడానికి కాదు.

ముందు ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లోకి వెళ్లి డెవలపర్‌కి టిక్ పెట్టండి, పైన ఆ పేరుతో ట్యాబ్ వస్తుంది. వర్డ్ 2010 గానీ ఆ తర్వాతది గానీ ఉంటే చాలు. రెండు నిలువు వరుసల టేబుల్ గీయండి, ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు. టేబుల్ ఆప్షన్స్‌లో ఆటోమేటిక్ రీసైజ్ టిక్ తీసేయండి, లేకపోతే టైప్ చేస్తుంటే గడులు అటూ ఇటూ కదులుతాయి.

ఇక కంట్రోల్స్, అంటే డెవలపర్ ట్యాబ్ నుంచి కుడివైపు గడుల్లో పెట్టే జవాబు పెట్టెలు. పేరుకి, అభిప్రాయానికి ప్లెయిన్ టెక్స్ట్, తేదీకి డేట్ పికర్, రేటింగ్‌కి డ్రాప్ డౌన్. రేటింగ్ నాలుగే ఉండాలి. ఐదు పెడితే మేనేజర్లందరూ మూడు దగ్గర కూర్చుంటారు. అభిప్రాయం రాసే గడికి ప్రాపర్టీస్‌లో క్యారేజ్ రిటర్న్స్ టిక్ పెట్టండి, అది లేకపోతే ఎంటర్ కొట్టినా కొత్త పేరా రాదు.

అసలు తంటా తాళం దగ్గరే. తాళం లేకపోతే ఉద్యోగి జవాబుతోపాటు మీ ప్రశ్ననూ మార్చేయగలడు. మా ఆఫీసులో ఒకాయన 'మెరుగుపడాల్సిన అంశాలు' అన్న వరుసనే డిలీట్ చేసి పంపాడు, రెండు వారాల దాకా ఎవరూ గమనించలేదు!

డెవలపర్ ట్యాబ్‌లో డిజైన్ మోడ్ ఆఫ్ చేశాకే, అక్కడే ఉన్న రిస్ట్రిక్ట్ ఎడిటింగ్ తెరవండి. ఎడిటింగ్ రిస్ట్రిక్షన్స్ కింద 'ఫిల్లింగ్ ఇన్ ఫారమ్స్' ఎంచుకుని, స్టార్ట్ ఎన్‌ఫోర్సింగ్ నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి. ఆ పాస్‌వర్డ్ ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. సెలవులో ఉన్నప్పుడు ఫోన్లు మోగితే నన్ననకండి. ఈ తాళం ఫారం చెదరకుండా కాపాడుతుంది కానీ రహస్యాన్ని కాపాడదు, కాబట్టి దీన్ని నమ్మి జీతం వివరాలు ఇందులో పెట్టకండి.

తాళం వేశాక ట్యాబ్ కీ నొక్కుతూ మొదటి గడి నుంచి చివరి దాకా ఒక్కసారి వెళ్లండి. కర్సర్ దాటేసిన గడిలో కంట్రోల్ పెట్టడం మరిచారన్నమాట, అక్కడ ఎవరూ ఒక్క అక్షరం కూడా రాయలేరు. తాళం తీసి సరిచేసి మళ్లీ వేయండి. అక్షర దోషాల తనిఖీ కూడా తాళం లోపల మామూలుగా పనిచేయదు, ముందే చూసుకోండి.

ఆఖరున మామూలు ఫైల్‌గా కాకుండా వర్డ్ టెంప్లేట్‌గా (.dotx) సేవ్ చేయండి. రెండుసార్లు క్లిక్ చేసిన ప్రతిసారీ కొత్త కాపీ తెరుచుకుంటుంది, ఒకరి రేటింగ్ ఇంకొకరి ఫారంలో మిగిలిపోదు.