పండక్కి సెడాన్‌లో వస్తున్నారా, ర్యాంప్ ఎక్కించేముందు ఇవి చూసుకోండి

బెజవాడలో రోడ్డు మీద రోడ్డు వేస్తారని ఇళ్ళు ఎత్తులో కట్టి ర్యాంపులేమో నిటారుగా పోయించారు, సంక్రాంతికి కిందికుండే కార్లతో వచ్చేవాళ్ళకి ఇదే తలనొప్పి.

- స్పీడ్‌గా మాత్రం ఎక్కించొద్దు. కింద సస్పెన్షన్ నొక్కుకుని బంపర్ తగులుద్ది, అది పోతే పోయింది, పైన గేటు అంచుకి ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కొట్టుకుంటే ఇంజిన్‌కే ఎసరు. గీసుకున్న సౌండొస్తే దిగి ఆయిల్ కారుతుందేమో చూడండి, ఎర్ర ఆయిల్ లైట్ వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపేయండి.

- మనుషుల్ని, డిక్కీలో లగేజీని రోడ్డు మీదే దించేయండి. చాలా సెడాన్లకి గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుక్కీ మధ్య ఖాళీ, 165 మిల్లీమీటర్లు అటూఇటూ, అదీ ఖాళీ బండికి! సీఎన్‌జీ సిలిండర్ ఉంటే వెనక ఇంకా కుంగుద్ది.

- ఏటవాలుగా, ఒక్కో టైరు ఎక్కేలా తిప్పండి. ఇరుకు సందులో అది కుదరదు, అప్పుడు ర్యాంప్ మొదట్లో టైర్ల కింద మందపాటి చెక్కలు వేస్తే ముందు బంపర్ బతుకుద్ది.

- దిగేటప్పుడు కింద అంచు దగ్గర బ్రేక్ కొట్టొద్దు, బండి ముక్కు వంగుద్ది.

- పొద్దున్నే కళ్ళాపి చల్లుంటే ఆరనివ్వండి, టైర్లు జారతాయి, పైగా ముగ్గు తొక్కితే పిన్ని ఊరుకోదు.