టెలిస్కోపులో బొమ్మ ఊగుతోందా? కటకాన్ని కాదు, స్టాండు కాళ్ళను చూడండి

గత డిసెంబరులో ఒక రాత్రి, విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద 70 మిల్లీమీటర్ల వెడల్పు కటకం ఉన్న టెలిస్కోపును గురుగ్రహం వైపు తిప్పి మేనల్లుణ్ణి పిలిచాను. వాడు ఐపీస్‌కు కన్ను ఆనించి, "మామయ్యా, గురుడు ఒక్కచోట నిలవడం లేదు" అన్నాడు. ఫోకస్ నాబ్‌ను ముట్టుకున్న ప్రతిసారీ ఆ వెలుగు చుక్క తెల్లటి దారపు చిక్కులా మారుతోంది. అయిదారు సెకన్లకు గానీ కుదుటపడటం లేదు. కుదుటపడ్డాక నాలుగు ఉపగ్రహాలు వరుసగా కనిపించేవి, మళ్ళీ చెయ్యి తగలగానే చెదిరిపోయేవి. కటకంలో ఏ లోపమూ లేదు. లోపమంతా దాన్ని మోసే స్టాండులో ఉంది.

కొత్తగా టెలిస్కోపు కొన్నవాళ్ళు చాలామంది ఇక్కడే విసిగిపోయి దాన్ని అటకెక్కిస్తారు. చంద్రుడి మీద గోతులు, శని వలయం, గురుడి పట్టీలు చూపించగల కటకం అలా దుమ్ముపట్టిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. అందుకే నాకు ఎదురైన ఇబ్బందులను, వాటికి పనిచేసిన మార్గాలను ఇక్కడ రాస్తున్నాను.

ముట్టుకుంటే చాలు, ఊగిపోతోంది

ముందు ఒక పరీక్ష చేయండి. ఒక నక్షత్రాన్ని ఐపీస్ మధ్యలోకి తెచ్చి, గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టి, ఊపు ఆగేదాకా సెకన్లు లెక్కపెట్టండి. రెండు సెకన్లలో ఆగితే మంచి స్టాండు. మూడైతే సర్దుకోవచ్చు. అయిదు దాటితే దానితో గ్రహాలు చూడలేరు. 700 మిల్లీమీటర్ల ఫోకల్ దూరం (కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటి వరకు దూరం) ఉన్న గొట్టానికి 10 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 70 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. గొట్టంలో కలిగే అదురు కూడా అన్ని రెట్లూ పెరిగే కంటికి చేరుతుంది.

కారణాల్లో మొదటిది, కాళ్ళను పూర్తిగా పొడిగించడం. ఒకే మందం ఉన్న కడ్డీ పొడవు రెట్టింపైతే అదే బలానికి అది ఎనిమిది రెట్లు ఎక్కువ వంగుతుంది. పైగా లోపలి నుంచి బయటికి లాగే రెండో ముక్క ఇంకా సన్నగా ఉంటుంది. కాబట్టి కాళ్ళు లోపలికి నెట్టేసి, పీట మీద కూర్చుని చూడండి. పైసా ఖర్చు లేని ఈ ఒక్క మార్పుతోనే మా స్టాండులో ఊపు దాదాపు సగానికి తగ్గింది.

తరవాత కాళ్ళు పైన కలిసే చోట బోల్టులు చూడండి. పెట్టెలో వచ్చినవి సాధారణంగా వదులుగానే ఉంటాయి. వాటికి రెండు వైపులా వాషర్లు వేసి, నైలాన్ రింగు ఉన్న లాక్ నట్లు బిగిస్తే మళ్ళీ వదులవవు. కాళ్ళను కలిపే నడిమి పళ్ళెం కింద అయిదు లీటర్ల నీళ్ళ క్యాను వేలాడదీయండి, అయితే అది గాలికి ఊగకుండా నేలకు ఆనీ ఆననట్టు ఉండాలి.

అల్యూమినియం కాళ్ళు బోలుగా ఉంటే ఇసుక నింపడం ఇంకా మంచి ఉపాయం. నేను జల్లించిన ఇసుకను మేడ మీద రెండు రోజులు ఎండబెట్టి, కాగితం గరాటుతో కాళ్ళలో పోసి, అడుగున రబ్బరు బిరడాలు బిగించాను. ఇసుక రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుని అదురును మింగేస్తాయి. తడి ఇసుక మాత్రం పోయవద్దు, లోపల లోహం చెడుతుంది. ఇసుక నింపాక కాళ్ళను పొడిగించడం కుదరదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఎవరూ ముట్టుకోకపోయినా కదులుతోంది

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలున్నాయి. బొమ్మ మొత్తం ఒక్కసారిగా పక్కకు దూకితే స్టాండో, మేడో కదులుతున్నట్టు. మా ఇంట్లో కింద నీళ్ళ మోటారు వేసినా, స్లాబు మీద ఎవరైనా నడిచినా ఐపీస్‌లో తెలిసిపోతుంది. స్టాండును స్లాబు నడిమి నుంచి జరిపి, కింద గోడ గానీ దూలం గానీ ఉన్న చోట పెట్టండి.

బొమ్మ ఉన్నచోటే ఉండి, ఏటి నీళ్ళ కింద గులకరాయిలా అంచులు మాత్రం అల్లల్లాడుతుంటే అది గాలి పని. మన ఎండలకు కాగిన స్లాబు మే నెలలో రాత్రి చాలాసేపటి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. దానికి ఎంత ఖరీదైన మౌంట్ (గొట్టాన్ని పట్టి తిప్పే తల) కొన్నా ప్రయోజనం లేదు. మట్టి నేల మీద పెట్టండి, లేదా తెల్లవారుజామున చూడండి.

నడినెత్తిన ఉన్నవాటిని పట్టలేకపోతున్నాను

మన ప్రాంతంలో ఉన్నవాళ్ళు మౌంట్ ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది ఇదే. విజయవాడ అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు. రోహిణి నక్షత్రం క్రాంతి (ఆకాశంలో దాని అక్షాంశం) కూడా దాదాపు అంతే, అందుకే అది సరిగ్గా మన నడినెత్తి మీదుగా వెళుతుంది. కృత్తికలు అక్కడికి ఏడెనిమిది డిగ్రీల దూరంలోనే ఉంటాయి. చూడదగిన వాటిలో చాలా భాగం నెత్తి మీదే ఉన్నప్పుడు, అక్కడికి తిరగని మౌంట్ మనకు పనికిరాదు.

ఫొటోలు తీసే ట్రైపాడ్ తల కెమెరాను కిందికి వంచినంతగా పైకి ఎత్తనివ్వదు. గొట్టాన్ని దాని మీద వెనకా ముందూ మార్చి బిగిస్తే కొంత మేలు. అయినా ఒకే మరతో నిలబెట్టిన గొట్టం ఆ మర చుట్టూ తిరిగిపోతూనే ఉంటుంది.

టెలిస్కోపుతో పాటు వచ్చే, పంగలాంటి చిన్న ఫోర్కు మౌంట్లది వేరే ఇబ్బంది. వాటిలో గొట్టం ఇరుసుకు కొన్ని అంగుళాల పైన కూర్చుంటుంది. అడ్డంగా ఉన్నంతసేపు బరువు ఇరుసు మీదే పడుతుంది. పైకి ఎత్తేకొద్దీ బరువు వెనక్కి వాలి, చెయ్యి వదలగానే గొట్టం వెనక్కి పడిపోతుంది. మర ఎంత బిగించినా ఇది పూర్తిగా పోదు. కావడి బద్ద భుజం మీద సరిగ్గా ఆనినట్టు, గొట్టం బరువు ఇరుసు మీదే ఆనాలి. అందుకని గొట్టాన్ని పక్క నుంచి పట్టుకునే ఒంటి చెయ్యి ఆల్ట్ అజిమత్ మౌంట్ (పైకీ కిందికీ, పక్కలకూ తిరిగేది) తీసుకోండి. కొన్నాక గొట్టాన్ని డవ్‌టెయిల్ పట్టీ (గొట్టం అడుగున ఉండే ఏటవాలు అంచుల పట్టీ) మీద ముందుకూ వెనక్కీ జరిపి, మరలు వదులు చేసినా కదలని చోటు వెతకండి. డయాగనల్ (వెలుగును పక్కకు తిప్పే అద్దం), ఐపీస్, ఫోను అన్నీ తగిలించాకే ఆ చోటు వెతకాలి.

ఈక్వటోరియల్ మౌంట్ కొన్నాను, ఎటు తిప్పాలో తెలియడం లేదు

తక్కువ ధరలో వచ్చే చిన్న ఈక్వటోరియల్ మౌంట్‌ను (ఒక ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు పెట్టి తిప్పేది) మన ఊళ్ళో కొత్తవాళ్ళకు నేను సిఫారసు చేయను. ధ్రువ నక్షత్రం మనకు క్షితిజం నుంచి 16.5 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే చెయ్యి చాచి పట్టిన పిడికిలికి ఒకటిన్నర రెట్లు. అపార్టుమెంట్ల వెనకో, మసక గాలిలోనో అది దాగిపోతుంది. కొన్ని మౌంట్ల ఇరుసు అంత కిందికి వంగనే వంగదు. వంగినవాటిలో సమతూకపు బరువు ఉన్న కడ్డీ వెళ్ళి స్టాండు కాలికి తగులుతుంది.

ఇప్పటికే కొనేసి ఉంటే, ఉత్తరం వైపు కాలు రాకుండా రెండు కాళ్ళ మధ్య ఖాళీ వచ్చేలా స్టాండును తిప్పండి. ఇనుముకు దూరంగా నిలబడి ఫోనులోని దిక్సూచితో ఉత్తరం గుర్తుపట్టి, ఎత్తు 16.5 డిగ్రీలకు పెట్టండి. కంటితో చూడటానికి అంత కచ్చితత్వం చాలు.

కనిపించినంతలోనే జారిపోతోంది

ఇది లోపం కాదు, భూమి తిరుగుతోంది. 70 రెట్లలో మామూలు ఐపీస్‌లో ఒక గ్రహం మూడు నిమిషాల లోపే ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరుతుంది. చేత్తో నెడుతూ వెంబడించడం కష్టం. రెండు ఇరుసులకూ స్లో మోషన్ నాబ్‌లు, అవి ఎంత తిప్పినా ఆగకుండా తిరిగేవి, ఉన్న మౌంట్ చూసుకోండి. నాబ్ తిప్పడం మొదలుపెట్టినప్పుడు కాసేపు ఏమీ కదలకపోతే లోపల గేరు పళ్ళ మధ్య సందు ఎక్కువైందని అర్థం. సర్దే మరను కొద్దిగా బిగించి, పాత జిగురు గ్రీజు తుడిచి మంచిది రాస్తే సరిపోతుంది.

కొత్త మౌంట్‌కు డబ్బు చాలడం లేదు

గొట్టం మీద వెచ్చించే డబ్బులో కొంత తగ్గించుకుని అయినా స్టాండు మీద పెట్టండి. 80కి బదులు 70 మిల్లీమీటర్ల గొట్టం, దాని కింద గుండ్రటి ఉక్కు కాళ్ళు. ఈ జత ఎక్కువ చూపిస్తుంది. మౌంట్ మోయగలదని రాసిన బరువు మీ గొట్టం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి.

అదీ కుదరకపోతే చేయించుకోవచ్చు. ఒక అంగుళం జీఐ పైపు ముక్కలు, T ఆకారపు జాయింటు (టీ) ఒకటి, వంపు జాయింటు (ఎల్బో) ఒకటి తెచ్చి, వాటి మరలనే ఇరుసులుగా వాడితే మంచి ఆల్ట్ అజిమత్ తల తయారవుతుంది. మరలకు గ్రీజు రాసి, ఒకదానిలో ఒకటి తిప్పుతూ అరిగించండి. డవ్‌టెయిల్ పట్టీని బిగించి పట్టుకునే గాడిని మాత్రం ఆటోనగర్‌లో లేత్ పని చేసేవారికి ఇచ్చి అల్యూమినియం దిమ్మెలో కోయించండి. డవ్‌టెయిల్ పట్టీని కూడా వెంట తీసుకెళ్ళండి. కొలత కాగితం మీద రాసిస్తే సరిపోదు, పట్టీ ఏటవాలు అంచు చూస్తేనే వారికి కోణం తెలుస్తుంది.