చవకైన సెన్సార్లతో బహిరంగ స్థలాల వినియోగాన్ని గమనించడం ఎలా?

ముందుగా, మీకు జవాబు కావలసిన ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. ‘పార్కును జనం ఎలా వాడుకుంటున్నారు?’ అన్న ప్రశ్నకు ఏ పరికరమూ జవాబివ్వలేదు; ‘సాయంత్రం ఆరు దాటాక ఈ గేటు గుండా ఎంతమంది లోపలికి వస్తున్నారు?’ అన్నదాన్ని మాత్రం కొలవవచ్చు.

సెన్సార్‌ను ఆ ప్రశ్నను బట్టి ఎంచుకోవాలి. సుమారు ఏడు మీటర్ల దూరం వరకు పనిచేసే పీఐఆర్ సెన్సార్ శరీరపు వేడి కదలికను పసిగడుతుంది కాబట్టి నడిచే దారికి పనికొస్తుంది గాని, కదలకుండా కూర్చున్న మనిషిని అది గుర్తించలేదు. బెంచీల వాడకం తెలియాలంటే బరువును పసిగట్టే సెన్సార్ మేలు. రాకపోకలను విడివిడిగా లెక్కించాలంటే దారికి అడ్డంగా రెండు పరారుణ కిరణాలను పక్కపక్కన అమర్చి, ఏది ముందు తెగిందో నమోదు చేయాలి. వాటిని మరీ ఎత్తున పెడితే చిన్నపిల్లలు లెక్కలోకి రారు. మరీ కింద పెడితే ఒకే మనిషి రెండు కాళ్లూ ఇద్దరిగా నమోదు కావచ్చు.

నమోదుకు ఈఎస్‌పీ32 బోర్డు (సెన్సార్ల సంకేతాలను చదివే చవకైన చిన్న కంప్యూటర్ లాంటిది), మెమరీ కార్డు, కరెంటు పోయినా సమయం తప్పని గడియారం మాడ్యూల్ సరిపోతాయి. పదిహేను నిమిషాలకొక మొత్తం చొప్పున భద్రపరచండి. ఎవరూ రాకపోయినా ఆ మొత్తాన్ని సున్నాగా రాయించాలి. లేకపోతే జనం లేని గంటకూ, బ్యాటరీ అయిపోయిన గంటకూ తేడా తెలియదు.

అన్నిటికంటే ముఖ్యమైనది సరిచూసుకోవడం, చాలామంది వదిలేసేదీ ఇదే. రద్దీ వేళలోనూ, పలుచగా ఉన్న వేళలోనూ పుస్తకం పట్టుకుని అక్కడే కూర్చుని చేత్తో లెక్కించండి. మీరు వందమందిని లెక్కించినచోట సెన్సార్ ఎనభై చూపితే, ఆ అంకెను 1.25తో హెచ్చవేయాలి. అయితే పక్కపక్కన నడిచేవారు ఒక్కరుగా నమోదవడం వల్ల రద్దీ పెరిగేకొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది గనుక, ఒకే గుణకాన్ని రోజంతటికీ వాడకూడదు. సెన్సార్‌ను జరిపిన ప్రతిసారీ మళ్లీ సరిచూడాలి. అలా కూర్చున్నప్పుడే వృద్ధులు ఎక్కడ ఆగుతున్నారో, స్త్రీలు ఏ వేళ నుంచి రావడం మానేస్తున్నారో కూడా రాసుకోండి. ఆ సంగతులు సెన్సార్‌కు అందవు.

స్థలాన్ని నిర్వహించే సంస్థ అనుమతి తీసుకుని, ఏం లెక్కిస్తున్నారో తెలిపే బోర్డును అందరికీ కనబడేలా పెట్టండి. ఫోన్ల వైఫై సంకేతాలను పట్టి జనాన్ని లెక్కించే పద్ధతి జోలికి పోవద్దు: అది వ్యక్తిగత గోప్యతలోకి చొరబడుతుంది, పైగా ఇప్పటి ఫోన్లు తమ గుర్తింపు సంఖ్యను తరచూ మార్చుకుంటాయి కాబట్టి లెక్క కూడా కుదరదు.