మారా నదిని వైల్డ్‌బీస్ట్ మందలు దాటడం చూడాలంటే

ముందే ఒక మాట చెప్పేస్తాను. తూర్పు ఆఫ్రికాలో మారా నది దాకా వెళ్లి కూడా వైల్డ్‌బీస్ట్ (ఆవులా కనిపించే పెద్ద జింకజాతి జంతువు) మంద దాటడం చూడకుండానే వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, కారణం అదృష్టం లేకపోవడం కాదండీ, రోజులు చాలకపోవడం. రెండు రాత్రుల ప్యాకేజీ తీసుకుంటారు, అందులో ఒక పూట ప్రయాణానికే పోతుంది, ఇంకో పూట సింహాల కోసం తిరుగుతారు, మిగిలిన పూట నది దగ్గర గంటసేపు ఆగి ఏం జరగట్లేదని బండి తిప్పించేస్తారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు రెండు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నది దగ్గరే కూర్చున్నాం, మంద రేవు దాకా రావడం, నీళ్లు చూడటం, వెనక్కి పోవడం, అంతే. మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి దాటింది. ఆ ఇరవై నిమిషాల కోసం ఆ రెండు రోజులూ ఇచ్చుకోవాల్సిందే, అందుకే ఎలా వెళ్లాలి అన్నదాని కంటే ఎలా కాచుకుని కూర్చోవాలి అన్నదే ఎక్కువ రాస్తున్నాను.

అసలు అక్కడ జరిగేదేంటో కొంచెం తెలిస్తే ఓపిక దానంతటదే వస్తుంది. టాంజానియాలో సెరెంగెటి, కెన్యాలో మసాయ్ మారా, దేశాలు రెండైనా గడ్డి మైదానం ఒకటే, మధ్యలో కంచె లేదు. వైల్డ్‌బీస్ట్‌లని అక్కడివాళ్లు స్వాహిలిలో న్యుంబు అంటారు, అవి ఏడాది పొడుగునా వాన ఎటు పడితే అటు పచ్చగడ్డి వెతుక్కుంటూ చుట్టు తిరుగుతూనే ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా సెరెంగెటి దక్షిణాన న్డూటు వైపు ఉంటాయి, అగ్నిపర్వతాల బూడిద పడిన నేల కాబట్టి అక్కడి పొట్టి గడ్డిలో ఖనిజాలు ఎక్కువ, పాలిచ్చే తల్లులకి కావాల్సింది అదే, ఫిబ్రవరి చుట్టుపక్కల రెండు మూడు వారాల్లోనే లక్షల దూడలు పుట్టేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో వాయవ్యం వైపు కదులుతాయి, జూన్ ప్రాంతంలో గ్రుమేటి నది, జులై నుంచి అక్టోబర్ దాకా మారా నది చుట్టుపక్కల, నవంబర్ వానలతో మళ్లీ దక్షిణానికి. వీటి సంఖ్య 13 లక్షలు అని ఎప్పట్నుంచో చెప్తున్నారు, కానీ 2022, 2023లో తీసిన శాటిలైట్ ఫొటోల్ని ఏఐతో లెక్కపెడితే 6 లక్షల లోపే తేలింది, ఏది సరైన లెక్క అన్నది ఇంకా తేలాల్సిన విషయమే. వీటితో పాటు జీబ్రాలు, గజెల్ జింకలు కూడా లక్షల్లోనే ఉంటాయి.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఏంటంటే, మంద మొత్తం ఒక రోజు అటు దాటేసి అక్టోబర్‌లో ఒకసారి ఇటు వచ్చేస్తుందనుకుంటారు. అలా ఉండదు. ఇవాళ అవతల గడ్డి కోసం దాటిన మంద, ఎల్లుండి ఇవతల వాన పడితే మళ్లీ ఇటే రావచ్చు, ఒకే మంద ఆ నాలుగు నెలల్లో చాలాసార్లు దాటొచ్చు. అందుకే మీరు చూడాల్సింది క్యాలెండర్ కాదు, మంద ఇప్పుడు ఎక్కడుంది, వాన ఎటు పడింది అన్నది. డ్రైవర్లు ఇదంతా రేడియోలో మాట్లాడుకుంటూనే ఉంటారు. మొత్తం మీద ఆగస్టు, సెప్టెంబర్ నాకు నచ్చిన సమయం, ఆగస్టులో రద్దీ విపరీతం కాబట్టి వీలైతే సెప్టెంబర్ మొదటి సగం పెట్టుకోండి.

కెన్యా వైపా, టాంజానియా వైపా అన్నది తర్వాతి ప్రశ్న. మారా నది కెన్యాలో మౌ అడవుల్లో పుట్టి, మసాయ్ మారా మీదుగా ఉత్తర సెరెంగెటిలోకి దిగి, చివరికి విక్టోరియా సరస్సులో కలుస్తుంది, కాబట్టి రెండు వైపులా రేవులున్నాయి. టాంజానియాలో అయితే కొగాటెండె దగ్గర ఉండాలి, అక్కడ రద్దీ కొంచెం తక్కువ, కానీ అరూషా పట్టణం నుంచి రోడ్డు మీద చాలా దూరం, చిన్న విమానంలో వెళ్తే ఖర్చెక్కువ. కెన్యాలో అయితే నైరోబీ నుంచి నారొక్ మీదుగా మసాయ్ మారా సెకెనాని గేటుకి రోడ్డు మీద ఐదారు గంటలు, మనవాళ్లకి ఇదే తేలిక. మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్నాయి కదా అని మారా నుంచి సెరెంగెటికి అడవిలోంచే దాటేద్దామనుకోకండి, టూరిస్టుల్ని అక్కడ సరిహద్దు దాటనివ్వరు, చుట్టూ తిరిగి ఇసెబానియా సరిహద్దు పోస్టు నుంచో నమంగా పోస్టు నుంచో వెళ్లాలి, ఒక రోజంతా పోతుంది. కాబట్టి ఏదో ఒక దేశం ఎంచుకుని అక్కడే నాలుగు రాత్రులు ఉండండి, మూడు కంటే తగ్గించొద్దు.

మసాయ్ మారాలో క్యాంపు బుక్ చేసేముందు అది నదికి ఎంత దూరమో తప్పకుండా అడగండి. సెకెనాని, టలెక్ గేట్ల బయట చౌకగా దొరుకుతాయి, కానీ రోజూ పొద్దున గేటు తెరిచాక బయల్దేరి నది చేరేసరికి మంచి టైమ్ పోతుంది. నదికి పడమర వైపు భాగాన్ని మారా ట్రయాంగిల్ అంటారు, 2001 నుంచి మారా కన్సర్వెన్సీ అనే సంస్థ చూసుకుంటోంది, రోడ్లూ క్రమశిక్షణా బాగుంటాయి, డబ్బుకి వీలైతే అటు ఉండటమే మంచిది. ఇక ఎంట్రీ టికెట్, ఇది చాలామందికి షాక్ ఇస్తుంది, 2024 జులై నుంచి విదేశీ పెద్దవాళ్లకి జులై నుంచి డిసెంబర్ దాకా రోజుకి 200 డాలర్లు చేశారు, మిగతా ఆర్నెల్లు 100. అది కూడా 24 గంటలకి కాదు, పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకానే. ప్యాకేజీ రేటులో ఇది కలిసి ఉందా లేదా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి, నాకు తెలిసినవాళ్లు ఒకళ్లు అక్కడికి వెళ్లాక గేటు దగ్గర మళ్లీ కట్టాల్సొచ్చింది.

కాగితాల సంగతి. కెన్యాకి 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ (ముందే తీసుకునే ప్రయాణ అనుమతి) ఉంది, ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం మర్చిపోవద్దు, ఇది వెళ్లేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడు ముఖ్యం, కెన్యా నుంచి వచ్చేవాళ్ల దగ్గర ఆ టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు లేకపోతే ఇండియాలో దిగగానే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ముందు ఫోన్ చేసి ఏ రోజుల్లో వేస్తున్నారో కనుక్కోండి. మలేరియా మాత్రల గురించి కూడా డాక్టర్ని అడగండి. నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి చిన్న విమానంలో వెళ్తే లగేజీ 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగుల్లో. ప్లాస్టిక్ కవర్లు కెన్యాలో 2017 నుంచి నిషేధం, పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్లేవాళ్లు స్టీలు డబ్బాల్లో సర్దుకోండి.

బండి విషయంలో డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. పైకప్పు లేచే ల్యాండ్ క్రూజర్, అదీ మీ ఒక్కళ్లకే. షేరింగ్ బండిలో ఆరుగురుంటే ఇద్దరికి చిరుత కావాలి, ఒకరికి ఆకలేస్తుంది, నది దగ్గర నాలుగు గంటలు కూర్చోవడానికి అందరూ ఒప్పుకోరు. మొదటి రోజే డ్రైవర్‌తో స్పష్టంగా చెప్పండి, మాకు నది దగ్గర రోజంతా కూర్చోవడానికి ఇబ్బంది లేదు, లంచ్ బాక్స్ కట్టించండి అని. ఆ మాట విన్నాక మా డ్రైవర్ మొహం వెలిగిపోయింది, పాపం వాళ్లని రోజూ అందరూ ఇక్కడికి పద అక్కడికి పద అని పరిగెత్తిస్తూనే ఉంటారు.

ఇప్పుడు అసలు విషయం, నది దగ్గర ఏం చూడాలి. దూరంగా దుమ్ము లేస్తుంటే మంద కదులుతున్నట్టు. దగ్గరికొచ్చే కొద్దీ చప్పుడు వినిపిస్తుంది, వానాకాలం రాత్రి చెరువులో కప్పలన్నీ ఒకేసారి అందుకున్నట్టు ఉంటుంది, ఆ చప్పుడు పెరుగుతూ ఉంటే వెనక నుంచి ఇంకా వచ్చి చేరుతున్నాయని అర్థం. గట్టు మీద గుంపు చిక్కబడుతుంది, ముందున్నవి నీళ్ల దాకా దిగుతాయి, వాసన చూస్తాయి, చటుక్కున వెనక్కి తిరిగి పరిగెడతాయి, వాటిని చూసి అన్నీ పరిగెడతాయి. మళ్లీ అరగంటకి వస్తాయి. ఇలా ఎన్నిసార్లయినా జరగొచ్చు, ఈ దశలోనే జనం విసిగిపోయి వెళ్లిపోతారు, మీరు మాత్రం ఇక్కడే ఉండండి. చాలాసార్లు జీబ్రాలు ముందు దిగుతాయి, అవి ధైర్యంగా నీళ్లలోకి వెళ్తే ఆశ పెట్టుకోవచ్చు. మందకి నాయకుడంటూ ఎవరూ లేరు, ఏదో ఒకటి దూకుతుంది, ఇక ఆ తర్వాత గొర్రెదాటే, వెనకున్నవి తోస్తుంటే ముందున్నవాటికి ఆగే దారే ఉండదు, పది అడుగుల గట్టు మీద నుంచి కూడా దూకేస్తాయి. అటువైపు గట్టు నిటారుగా ఉంటే ఎక్కలేక కింద ఇరుక్కుపోతాయి, అది చూస్తుంటే మనకే ఊపిరాడదు.

ఈ మొత్తంలో మీ బండి ఎక్కడుంది అన్నదే అన్నిటికంటే ముఖ్యం. మంద ఇంకా తేల్చుకోని టైమ్‌లో గట్టు దగ్గర బండి కదిలినా, డోర్ చప్పుడైనా, మనిషి దిగినా అవి బెదిరిపోతాయి, గంటల తరబడి కూడగట్టుకున్న ధైర్యం ఒక్క క్షణంలో పోతుంది. అంతకంటే ఘోరం, ఎక్కే దారికి అడ్డంగా బండ్లుంటే ఈదుకుంటూ వచ్చినవి మళ్లీ నీళ్లలోకే తిరుగుతాయి, అలసిపోయినవి అక్కడే మునిగిపోతాయి. 2025 జులైలో కొగాటెండె వైపు టూరిస్టులు బండ్లు దిగి నది గట్టు మీద నిలబడి మందకి అడ్డమైన వీడియో అందరూ చూసే ఉంటారు, నాకైతే అది చూసి రాత్రి నిద్ర పట్టలేదు. రూల్ చిన్నదే, మొదటివి నీళ్లలో దిగేదాకా బండి గట్టుకి బాగా వెనక, ఇంజిన్ ఆఫ్, అందరూ లోపలే. డ్రైవర్ టిప్పు కోసమో మీ మొహమాటం కోసమో ముందుకి పోనిస్తుంటే మీరే వద్దనండి, ఆ మాట మీ నోటి నుంచి రావాలి.

పిల్లల్ని తీసుకెళ్తుంటే వాళ్లకి ముందే చెప్పి ఉంచండి, చావులు కనిపిస్తాయి. మొసళ్లు కొన్నిటిని పట్టుకుంటాయి గానీ ఎక్కువ చనిపోయేది మునిగిపోయీ తొక్కిసలాటలోనూ. 2017లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం మారా నదిలో ఏడాదికి సగటున 6,250 వైల్డ్‌బీస్ట్‌లు ఇలా పోతాయి, ఆ మాంసం రాబందులకి, మొసళ్లకి, చేపలకి, మిగిలిన ఎముకలు ఏళ్ల తరబడి కరుగుతూ నదికే ఎరువు. మా అమ్మాయికి ఈ సంగతి చెప్తే ఏడుపు ఆపి, అయితే నదికి కూడా ఆకలేస్తుందా అని అడిగింది.

చిన్న చిన్నవి కొన్ని. మారా 1,500 మీటర్లకి పైన ఉంటుంది, పొద్దున్నే గట్టి చలి, స్వెట్టర్ కావాలి, మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంది, టోపీ కావాలి. బైనాక్యులర్ మనిషికొకటి ఉండాలి, ఇది కెమెరా కంటే ముఖ్యం. ఫొటోలకి 100-400 లెన్స్ సరిపోతుంది, షటర్ స్పీడ్ 1/1000 పైనే పెట్టండి, దుమ్ములో లెన్స్ మాత్రం మార్చొద్దు. డ్రోన్ పర్మిషన్ లేకుండా ఎగరేయకూడదు. బాత్రూమ్ అవసరమైతే మంద దూరంగా ఉన్నప్పుడే డ్రైవర్‌కి చెప్పండి, ఆయన చోటు చూసి ఆపుతాడు. మీ అంతట మీరు దిగొద్దు, పొదల్లో ఏముందో మనకి తెలీదు.

చివరిగా, దాటడం ఆగిపోగానే బండ్లన్నీ ఒక్కసారిగా వెళ్లిపోతాయి, మీరు ఇంకో గంట ఉండండి. దుమ్ము తగ్గాక ఆర్నెల్ల దూడ ఒకటి ఇవతలే మిగిలిపోయి అరుస్తూ గట్టు వెంబడి అటూ ఇటూ తిరుగుతుంటుంది, కొన్నిసార్లు అవతలి నుంచి తల్లి వెనక్కి తిరిగి, అప్పుడే దాటిన అదే నీళ్లలోకి మళ్లీ దిగుతుంది.