జపనీస్ హోటల్‌లో సుషీని ఆరోగ్యంగా తినడం ఎలా? నల్లగొండ, పాలమూరు విద్యార్థుల కోసం

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో చదువుకుంటూ, వెనిగర్ అన్నం, చేపలతో చేసే జపాన్ వంట సుషీ తినాలనిపిస్తే హైదరాబాద్ బస్సు ఎక్కాల్సిందే. రెండు ఊళ్ల నుంచీ దూరం దాదాపు వంద కిలోమీటర్లు. డిగ్రీ చివరి ఏడాదిలో మేము నలుగురం మిత్రులం అలాగే వెళ్లాము. అంత డబ్బు పెడుతున్నప్పుడు కడుపు ఖాళీగా ఉండాలని పొద్దున టిఫిన్ కూడా మానేశాము. పచ్చి చేప పడుతుందో లేదోనని దారంతా ఒకటే భయం. తీరా లెక్క చూసుకుంటే ఆ రోజు మేము తిన్నవాటిలో పచ్చి చేపే తక్కువ. నూనెలో వేగిన రొయ్యల రోల్‌లు, వాటి మీద మయోనైస్, పక్కన తియ్యటి సాస్. తిరుగు బస్సులో సీసాల కొద్దీ నీళ్లు తాగినా దాహం తీరలేదు. కడుపు చెడలేదు కానీ మరునాడు మధ్యాహ్నం దాకా బరువు దిగలేదు. అప్పటి పొరపాట్లలోంచి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా: ఖాళీ కడుపుతో వెళ్లకండి

బస్సు ఎక్కే ముందు రెండు ఇడ్లీలో, ఉడికిన గుడ్డు, అరటిపండో తినండి. సుషీ చిన్న చిన్న ముక్కలుగా, నిదానంగా వస్తుంది. ఆకలితో మండుతున్నవారి చేతికి మెనూ వస్తే కన్ను నేరుగా వేపుళ్ల మీదే పడుతుంది. ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి ఆ మిగిలిన డబ్బుతో టిఫిన్ తినవచ్చు. మగపిల్లలు ఇంటి నుంచే డబ్బా తెచ్చుకోవాలి.

రెండోది: మెనూలో పేర్లు చదవడం

నాలుగు పేర్లు తెలిస్తే సగం పని అయినట్టే. సషిమి అంటే అన్నం లేకుండా చేప ముక్కలు మాత్రమే. నిగిరి అంటే చిన్న అన్నం ముద్ద మీద పరిచిన చేప ముక్క. మాకి అంటే నోరి అనే సముద్రపు నాచు రేకులో అన్నం, చేప లేదా కూరగాయ చుట్టి కోసినది. మనం రోల్ అనేది దీన్నే. టెంపురా మన మిరపకాయ బజ్జీకి దూరపు చుట్టం. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా జపాన్ చేరిన వంట అది. బజ్జీ ఎంత తేలికో ఇదీ అంతే తేలిక, అంటే తేలిక కాదు.

మెనూలో 'క్రంచీ', 'క్రిస్పీ' అని ఉంటే నూనెలో వేయించారని అర్థం. 'స్పైసీ' అని ఉన్నచోట కారం కంటే మయోనైసే ఎక్కువగా ఉంటుంది. ఫిలడెల్ఫియా రోల్‌లో క్రీమ్ చీజ్ పెడతారు. కాలిఫోర్నియా రోల్‌లోని 'పీత' చాలాచోట్ల పీత కాదు, తెల్లచేప గుజ్జులో పిండి, చక్కెర కలిపి చేసిన పీత రూపం. ఇవేవీ తినకూడనివి కావు. నలుగురు కలిసి వెళ్తే ఇలాంటిది ఒకటి తెప్పించుకుని పంచుకోండి, ఒక్కొక్కరికి ఒక్కోటి వద్దు.

అసలు సంగతి అన్నం

సుషీ అనగానే అందరికీ చేపే గుర్తొస్తుంది కానీ నిజానికి అది అన్నం వంట. పూర్వకాలపు సుషీలో అన్నం చేపను పులియబెట్టి నిలవ ఉంచడానికి మాత్రమే పనికొచ్చేది. నెలల తర్వాత చేప తిని అన్నం పారేసేవారు. ఇప్పుడు తిరగబడింది. ఎనిమిది ముక్కల పెద్ద రోల్ ఒకటి తింటే ఇంచుమించు కప్పు అన్నం తిన్నట్టే. పైగా అది వట్టి అన్నం కాదు, వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపినది. పులిహోరలాంటిదే, చక్కెర కాస్త ఎక్కువ. చక్కెర వేసినట్టు నాలుకకు తెలియనివ్వకపోవడమే ఆ వంటవారి నేర్పు.

మూడు పూటలా అన్నం తినే మనకు కప్పు అన్నం లెక్కలోకి రాదు. అందుకే "ఏమీ తిననట్టే ఉంది" అంటూ మూడు రోల్‌లు తెప్పిస్తాము. మూడు కప్పుల అన్నం, దాంట్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగే చేప ముక్కలు. హాస్టల్ మెస్‌లో నీళ్ల పప్పుతో తినే భోజనానికీ దీనికీ పోషణలో పెద్ద తేడా ఉండదు, బిల్లులో తప్ప. మా మెస్‌లో వారం రోజుల మధ్యాహ్న భోజనాల డబ్బు ఆ రోజు ఒక్క రోల్‌కు పోయింది.

కాబట్టి ఈ వరుసలో చెప్పండి. మొదట ఎడమామె అనే చిరుతిండి. లేత సోయా కాయలను ఉప్పు వేసి ఉడికించి ఇస్తారు. చలికాలంలో మన ఇళ్లలో ఉడకబెట్టే అనపకాయలు, కందికాయల్లాగే గింజలు ఒలుచుకుని తిని తొక్క పక్కన పెట్టాలి. వీటిలో మాంసకృత్తులు, పీచు రెండూ ఉంటాయి. తర్వాత మనిషికి నాలుగైదు నిగిరి ముక్కలు, లేదా ఇద్దరికి కలిపి ఒక సషిమి పళ్లెం. రోల్ చివర్లో, అదీ సగం. అన్నం తక్కువగా పెట్టమని అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. అడగడానికి మొహమాటం ఎందుకు?

శాకాహారులకు ఒక మాట. కీరదోస రోల్, అవకాడో రోల్ తింటే కడుపు నిండుతుంది కానీ మాంసకృత్తులు దాదాపు ఉండవు. పక్కన టోఫూ (సోయా పాలతో చేసే పనీర్‌లాంటిది), ఎడమామె తప్పకుండా చెప్పండి. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూప్‌లో పైకి కనిపించేవి టోఫూ ముక్కలు, నాచే అయినా, దాని రసాన్ని మామూలుగా ఎండుచేప పొరలతో కాస్తారు. అడిగి తెలుసుకున్నాకే తాగండి.

సోయా సాస్ పచ్చిపులుసు కాదు

మా బస్సు దాహానికి కారణం ఇదే. ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఉప్పుగా చెబితే 5 గ్రాములు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే హద్దూ అదే. మేము గిన్నె నిండా పోసుకుని ముక్కలు ముంచి తేల్చాము. మిసో సూప్‌లో ఉప్పు వేరే.

చిన్న గిన్నెలో అడుగు తడిసేంత పోసుకోండి. నిగిరిని తిప్పి చేప వైపు మాత్రం అద్దండి. అన్నం వైపు ముంచితే స్పంజిలా పీల్చుకుంటుంది, ముద్ద కూడా విడిపోతుంది. జపాన్‌లోనూ పద్ధతి ఇదే. నిగిరిని చేత్తో తినడమూ అక్కడ తప్పు కాదు కనుక చాప్‌స్టిక్స్ అనే పుల్లలతో కుస్తీ పట్టాల్సిన పని లేదు. పుల్లలతోనే తింటానంటే వాటిని అన్నంలో నిలువుగా మాత్రం గుచ్చకండి. జపాన్‌లో అది చావు ఇంటి ఆచారం.

ఆకుపచ్చ ముద్ద వసాబి. చాలాచోట్ల అది అసలుది కాదు, హార్స్‌రాడిష్ అనే దుంప, ఆవపిండి, రంగు కలిపినది. ఆవకాయ తినే నోరు కదా అని చెంచాడు పెట్టుకున్న మా మిత్రుడు పది నిమిషాలు మాట్లాడలేదు. ఆ ఘాటు నాలుకకు కాదు, ముక్కుకు ఎక్కుతుంది. పెసరగింజంత చాలు.

పచ్చి చేప సంగతి

భయం పూర్తిగా వట్టిది కాదు. సముద్రపు చేపల్లోనూ పురుగులు ఉంటాయి. మైనస్ 20 డిగ్రీల చలిలో ఏడు రోజులు ఉంచితే అవి చస్తాయి. అందుకే "ఈ చేప ముందే గడ్డకట్టించినదా?" అని అడిగినప్పుడు అవునంటే సంతోషించండి, నిలవ సరుకని ముఖం ముడవకండి. అయితే ఆ చలి సూక్ష్మక్రిములను చంపదు. వాసన తేడాగా ఉన్నా, ముక్క జిగటగా తగిలినా వదిలేయండి. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు, కాలేయ జబ్బు ఉన్నవారు పచ్చిది ముట్టకూడదు. వీరికి ఉడికించిన రొయ్యతో చేసే ఎబి, గుడ్డు అట్టు పెట్టే తమాగో ఉన్నాయి. చేప, రొయ్య, సోయా, నువ్వులు, గోధుమల్లో ఏదైనా పడనివారు ముందే చెప్పాలి. సోయా సాస్‌లో గోధుమ కూడా ఉంటుంది.

పార్సిల్ వద్దు

మిగిలింది కదా అని హాస్టల్‌కు కట్టించుకోకండి. ఇలాంటి ఆహారాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే గడువు. నల్లగొండ వేసవి ఎంతుంటుందో మీకు చెప్పనవసరం లేదు. బస్సు ఊరు చేరేసరికే రెండు గంటలు దాటుతుంది.

ఇంట్లో చేయాలనిపిస్తే

రుచి మరిగాక గదిలో చేసుకుందామన్న ఆలోచన తప్పకుండా వస్తుంది. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేపే, జూరాల, సాగర్ చేపలు ఎంతో తాజావే. అయినా మంచినీటి చేపను పచ్చిగా తినకండి. మనిషి పేగుల్లో, కాలేయంలో కాపురం పెట్టే పురుగులు వాటి ద్వారా వస్తాయి, ఇంటి ఫ్రిజ్ చలిని నమ్ముకోలేము. జూరాల కట్ట దగ్గర వేయించి అమ్మే చేపను అక్కడే వేడివేడిగా తినండి. రోల్‌లోకి కీరదోస, క్యారెట్, గుడ్డు అట్టు, ఉడికిన రొయ్యలు చాలు. సోనామసూరి అన్నం అంతగా అతుక్కోదు, నీళ్లు కాస్త ఎక్కువ పోసి మెత్తగా వండండి. మొదటి రెండు రోల్‌లు ఎలాగూ విడిపోతాయి, వాటిని గిన్నెలో వేసుకుని చేత్తో కలుపుకుని తినేయండి.