కొత్తగా తెచ్చుకున్న, అప్పటికే ఎదిగిన పెంపుడు పాము మీ ఇంట్లో కుదురుకోవాలంటే ఏం చేయాలి?

పెద్దయ్యాక చేతులు మారిన పాముకి అప్పటికే కొన్ని అలవాట్లు పడి ఉంటాయి. అందుకే తెచ్చుకునే ముందే పాత యజమానిని అన్నీ అడిగి రాసుకోండి: ఏ ఎర (ఎలుకలాంటిది) తింటోంది, ఎంత సైజుది, చంపి ఫ్రీజర్‌లో పెట్టినదాన్ని కరిగించి పెడుతున్నారా, చివరిసారి ఎప్పుడు తింది, కుబుసం ఎప్పుడు విడిచింది. రేపు అది తిండి ముట్టనప్పుడు మీకు పనికొచ్చేది ఆ కాగితమే.

పాము వచ్చేసరికి పెట్టె సిద్ధంగా ఉండాలి. బాల్ పైతాన్ (ఇళ్లలో ఎక్కువగా పెంచే ఒక రకం చిన్న కొండచిలువ) అయితే పెట్టెలో ఒక పక్క 31–32 డిగ్రీల సెల్సియస్, రెండో పక్క 25–27 ఉంచండి. హీటర్‌కి థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా చూసే పరికరం) తప్పనిసరి, ఎందుకంటే కింద ఒళ్లు కాలుతున్నా పాము చాలాసార్లు అక్కడే పడుకుని ఉంటుంది. దాక్కోవడానికి రెండు వైపులా ఒక్కో గూడు పెట్టండి, చుట్టుకుని పడుకుంటే ఒళ్లు గోడలకి ఆనేంత ఇరుకుగా ఉండాలి. గూడు ఒకటే ఉంటే భయపడిన పాము చలి వేస్తున్నా అందులోంచి కదలదు.

తెచ్చిన రోజే బరువు చూసి రాసుకోండి. ఇక వారం రోజులు నీళ్లు మార్చడం, మురికి తీయడం తప్ప దాని జోలికి వెళ్లొద్దు. చూడ్డానికి వచ్చినవాళ్ల కోసం కూడా బయటికి తీయొద్దు, ఇది కష్టమే కానీ అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఇంట్లో వేరే పాములుంటే దీన్ని కనీసం 60 నుంచి 90 రోజులు వేరే గదిలో ఉంచండి. కళ్ల చుట్టూ, నీళ్ల గిన్నెలో నల్లటి చుక్కలు కదులుతుంటే అవి పాము రక్తం పీల్చే చిన్న పురుగులే (మైట్స్). పాముల నుంచి మనుషులకి అంటుకుని జబ్బు చేసే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అంటే మామూలు విషయం కాదు, పాముని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి.

వారం దాటాక, సాయంత్రం పూట, పాత అలవాటు ప్రకారమే ఎర పెట్టండి. పూర్తిగా కరిగి వెచ్చగా ఉన్నదాన్ని పట్టకారుతో చూపించి, తీసుకోకపోతే తీసేసి మళ్లీ వారం ఆగండి. ఎదిగిన బాల్ పైతాన్ వారాల తరబడి తినకపోవడం మామూలే, టెన్షన్ పడి రోజూ పెట్టి చూస్తే ఇంకా బెదురుతుంది. బరువు బాగా తగ్గుతున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

రెండు మూడు సార్లు తిన్నాకే చేతిలోకి తీసుకోండి, అదీ తిన్న 48 గంటల తర్వాత. పైనుంచి చెయ్యి దించితే గద్ద వచ్చినట్టే అనిపిస్తుంది దానికి, కాబట్టి పక్కనుంచి వెళ్లి, నడుము దగ్గర నెమ్మదిగా ఎత్తండి. నాలుక తాపీగా ఆడిస్తూ వేళ్ల మీదుగా పాకుతుంటే అయిదు నిమిషాలు ఉంచొచ్చు. మెడ వంకరగా వెనక్కి లాక్కుని మీ చేతినే చూస్తుంటే ఆ రోజుకి వదిలేయండి.